పటేలు పండుకునే దాకా

ఇంకొక్క గంట. అంతే పటేలూ, ఇంకొక్క గంట నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోదు, అని కుర్మయ్య పంజరం ముందు గొంతుక్కూర్చుని మనసులోనే బతిమాలుతున్నాడు. పైకి అనే ధైర్యం లేదు. పైకి అంటే చిలుక జవాబిస్తుంది, దాని జవాబు గోడ దాటుతుంది, గోడకు అవతల పది అడుగుల్లో బడి కిటికీ, ఆ కిటికీ పక్క బెంచీ మీద మనవరాలు కవిత కూర్చుని పదో తరగతి లెక్కల రెండో పేపరు రాస్తోంది. పదకొండు బెల్లు ఇప్పుడే కొట్టారు. పన్నెండు బెల్లుకు పరీక్ష అయిపోతుంది. నలభై ఏళ్లు గొర్లు కాసిన మనిషికి, తోడేలు ఎదురైతే గొంగడి విసిరి కట్టె తిప్పిన మనిషికి, ముసలితనంలో దేవుడు పెట్టిన పని చూడండి, పిడికెడు పిట్ట నోరు గంటసేపు మూయించడం. పిట్ట పిడికెడే, పొగరు మాత్రం పుట్టెడు. అందుకే కవిత దానికి పటేలు అని పేరు పెట్టింది. ఊళ్లో పటేండ్ల పెత్తనాలు ఎప్పుడో పోయినయి తాతా, మన ఇంట్ల ఒకడు మిగిలిండు, అని నవ్వేది. నిజమే మరి, అన్నం ముందు వాడికే పెట్టాలి, నీళ్లు ముందు వాడి మీదే చల్లాలి, వాడు చూస్తుండగా ఇంకెవరైనా జామకాయ కొరికారో, ఇల్లు పీకి పందిరి వేస్తాడు.

అట్లాంటి పటేలుకు వారం నుంచి గుండె జారిపోయింది. పరీక్షల సెలవులని కవిత నెల రోజులు ఇంట్లోనే ఉంది, పొద్దస్తమానం వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ చదివింది, చిలుక ఆమె భుజం మీద కూర్చుని లోకమంటే ఇదే కాబోలు అనుకుంది. ఆ తర్వాత ఒకనాడు పొద్దున్నే జడ వేసుకుని, రాసుకునే అట్ట చంకలో పెట్టుకుని ఆమె గడప దాటింది. ఇక దానికి లోకం లేదు. పిలుస్తుంది, ఊచలకు తల కొట్టుకుంటుంది, రొమ్ము మీది ఈకలు తనే పీక్కుంటుంది. నిన్న మొదటి పేపరు నాడైతే మరీ ఘోరం. గోడ అవతల కూర్చున్న పిల్లకు ఆ అరుపులన్నీ వినబడ్డాయి, అరగంట ఉండగానే కాగితాలు సారు చేతిలో పెట్టి పరుగెత్తుకొచ్చింది, రెండు పెద్ద లెక్కలు ముట్టుకోనేలేదు. చిలుక రొమ్ము మీద నెత్తురు చుక్క చూసి పంజరాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. లెక్కలంటే ఊరి పిల్లలందరికీ జ్వరం వస్తుంది, ఈ పిల్లకు పండుగ, అట్లాంటి పిల్ల లెక్కలు వదిలేసి వచ్చిందంటే మామూలు సంగతి కాదు. రాత్రి కొడుకు హరిప్రసాద్ కొత్తూరు కంపెనీ నుంచి వచ్చి అన్నం తింటూ, ఫెయిలైతే ఫెయిలైతది, మా కంపెనీల ప్యాకింగుల పెట్టిస్త, అన్నాడు. కోపంగా అని ఉంటే కుర్మయ్య పట్టించుకునేవాడు కాదు. నిమ్మళంగా అన్నాడు, పప్పు ఇంకింత వెయ్యి అన్నట్టే అన్నాడు, నిమ్మళంగా అన్న మాటలే బతుకులో జరుగుతాయని కుర్మయ్యకు తెలుసు. అందుకే తెల్లారి లేచి పిల్లకు మాట ఇచ్చాడు. నువ్వు పోయి రాసి రా బిడ్డా, ఇయ్యాల పటేలు సప్పుడు ఇనవడితే నన్ను అడుగు, అన్నాడు. అనడం సులువే.

ఎక్కడికైనా దూరంగా తీసుకుపోవచ్చు కదా అంటే, అదీ అయింది. పొద్దున్నే పంజరం పట్టుకుని బెంగళూరు రోడ్డు దాకా పోయాడు, లారీ ఒకటి హారను కొట్టేసరికి పటేలు పంజరంలో గిరగిరా తిరిగి ఊచల మధ్య రెక్క ఇరికించుకున్నాడు. పైగా కవిత ఒకటే మాట, పటేలు ఇంట్ల ఉంటేనే నేను పోత, లేకుంటే పోను. ఇంట్లో అంటే ఎక్కడ, ఉన్నది కిరాయికి తీసుకున్న ఒక్క గది, పైన రేకులు, మార్చి ఎండకు లోపల రొట్టె కాల్చుకోవచ్చు. గాలి తగిలేది ఈ వాకిలే, వాకిలికి ఉన్నది ఈ గోడే. మందులూ అయ్యాయి. భార్య చంద్రమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసి, ఇగ నువ్వే చూసుకో అని కిరసనాయిలు లైనుకు పోయింది. నిన్న సాయంత్రం పక్కింటి యేసమ్మ, బడిలో పిల్లలకు నీళ్లిచ్చే ఆయమ్మ, పంజరం మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసింది, ఆమేన్ అనే సమయానికి పటేలు ఆమె వేలు కొరికాడు. రెండు మతాలూ ఓడిపోయాక మిగిలింది నానబెట్టిన శనగలు. తొమ్మిదిన్నర నుంచి ఒక్కొక్క శనగా అందిస్తూ, ఒక్కొక్కటీ వాడు తోలు తీసి, తిని, తోలు తన ముఖం మీద ఉమ్ముతుంటే ఓర్చుకుంటూ, కుర్మయ్య పదకొండు దాకా లాక్కొచ్చాడు. ఇప్పుడు గిన్నెలో శనగలు లేవు.

లేవని పటేలుకూ తెలిసింది. ఒక కన్ను గిన్నె వైపు తిప్పి చూశాడు, రెండో కన్ను తిప్పి చూశాడు, మెడ సాగదీశాడు. కీచుమని ఒక అరుపు. గోడ మీదుగా యేసమ్మ తల లేచింది, చేతిలో నీళ్ల చెంబు, గొంతు తగ్గించి మాట్లాడింది.

"అన్నా, జర సూడే. పిల్ల తల ఎత్తింది. పెన్ను కింద పెట్టింది."

"సూస్తనే ఉన్న యేసమ్మా. నువ్వు పో, జర నీళ్లియ్యి పిల్లకు."

తల దిగిపోయింది. పెన్ను కింద పెట్టిందట. గొర్లకైతే ఏం చేసేవాడు? సంతలో కొన్న కొత్త గొర్రె మందలో కలవక బెదిరితే దాని తల మీద గొంగడి కప్పి, ఒళ్లు ఒళ్లుకు ఆనించి కూర్చునేవాడు, వెలుగు పోతే భయమూ పోతుంది, దాని ఊపిరి తన ఊపిరితో కలిసే దాకా కదిలేవాడు కాదు. పిట్టైనా గొర్రైనా ప్రాణం ప్రాణమే అనుకుని లోపలికి పోయి, మంచం కింది రేకు పెట్టెలోంచి గొంగడి లాగాడు. ఏడాది అయింది దాన్ని తీసి. మంద అమ్మిన నాడు మడిచి పెట్టినది. విప్పేసరికి వాసన గుప్పుమని ముఖానికి కొట్టింది, ఉన్ని వాసన, వానకు తడిసి పొగకు ఆరిన వాసన, అప్పుడే ఈనిన గొర్రె మావి వాసన, చంద్రమ్మ ముక్కు మూసుకుని బయట పెట్టు అనేది కాని తనకు మాత్రం ఆ వాసనలో అన్నం తిన్నట్టుండేది. ఈ వాసన వల్లే గదా తను బడి ముందు వీధిలోంచి నడవడు, వెనక సందులోంచి పోతాడు. పెద్దోళ్లను తోలుకరమ్మన్నరు తాతా అని కవిత పిలిచిన రోజు కూడా గేటు బయటే నిలబడ్డాడు, మోకాలు నొస్తుందన్నాడు. పిల్ల ఏనాడూ ఒక్క మాట అనలేదు. అననందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాలని తనకు తనే అనుకున్నాడు, చదువుకునే పిల్ల వెనక గొర్లోడు నడిస్తే తోటి పిల్లలు నవ్వరా.

గొంగడి పంజరం మీద పడింది. చీకటి. నాలుగు ఊపిర్లు నిశ్శబ్దం. హమ్మయ్య అనుకునే లోపల గొంగడి కింద నుంచి రేకు మీద మేకు గీసినట్టు అరుపు, ఒకటి కాదు మూడు. దబదబా లాగేశాడు. పటేలు ముక్కులో ఉన్ని పోచ, కళ్లలో అంతులేని అవమానం. కుర్మయ్య నాలుకను అంగిలికి కొట్టి టక్ టక్ మని గొర్లను మళ్లించే చప్పుడు చేశాడు, వాడు తల ఒక పక్కకు వంచి విన్నాడు, విని రొమ్ము మీదికి ముక్కు వంచాడు. వద్దురా. ఈక పీకబోతున్నాడు. వద్దు నాయనా, నీకు దండం పెడతా, ఆ పిల్ల చూస్తే తట్టుకోలేదు. ఏం కావాలి నీకు? శనగలు కావు, జామకాయ కాదు, చీకటి కాదు. నెల రోజులు ఎట్లా ఉన్నావు, రాజాలాగా ఉన్నావు, ఒంటికాలి మీద నిలబడి ముక్కు నూరుకుంటూ మధ్యాహ్నాలు నిద్రపోయావు. అప్పుడేం ఉంది? కవిత భుజం ఉంది. భుజం కాదు, మంట దగ్గర కూర్చుని రొట్టెలు చేసేటప్పుడు ఆమె భుజం ఎక్కి ఎప్పుడూ నిద్రపోలేదు, చదివేటప్పుడే పోయేవాడు. ఆ అటూ ఇటూ తిరగడం, గడప నుంచి బట్టలుతికే బండ దాకా ఏడు అడుగులు, బండ నుంచి గడపకు ఏడు అడుగులు, ఆ రాగం. చదువంటే రాగమే కదా. లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం మిగిలిన రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానం. సమానం దగ్గర గొంతు దిగేది, అక్కడ పటేలు కన్ను మూసేవాడు. కుర్మయ్య కూడా ఆ రాగానికి ఎన్నో మధ్యాహ్నాలు మంచం మీద కన్ను మూశాడు.

గది కిటికీ గూట్లో లెక్కల పుస్తకం ఉంది. తీశాడు. జీవితంలో పుస్తకం పట్టడం ఇదే మొదలు, రేషన్ కార్డు కాకుండా. ఏది పైనో ఏది కిందో తెలియలేదు, ఒక పేజీలో మూడు మూలల బొమ్మ కనబడితే గుడి గోపురంలా మొన పైకి ఉండేటట్టు తిప్పి పట్టుకున్నాడు. పంజరం తలుపు తీశాడు. పటేలు అనుమానంగా ముంజేతి మీదికి, అక్కడి నుంచి భుజం మీదికి ఎక్కాడు, గోళ్లు దిగాయి. గడప. అడుగు. లంబకోణ త్రిభుజంలో, అన్నాడు, కర్ణం మీద, అన్నాడు, అక్కడ ఆగిపోయింది. కర్ణుడి మీద ఏముంది? రెండు మూడు సార్లు కర్ణం మీదే తిరిగాడు. చిలుక చెవి దగ్గర గొణగడం మొదలుపెట్టింది. రాగం ఆగకూడదు, మాట అందడం లేదు, నోటికి ఏది వస్తే అది పాడాలి, నోటికి ఏమొస్తుంది, నలభై ఏళ్లు నోట్లో నానినవేవి, ఏడాది నుంచి పెదవి దాటనివ్వకుండా మింగుకున్నవేవి?

"బొల్లిది," అన్నాడు కుర్మయ్య. "బొల్లిదాని బిడ్డ చుక్కది. చుక్కదాని పిల్లలు ఎర్రది, మట్టచెవులది, ఆ రెండూ కలిపితే చుక్కదానికి సమానం."

పటేలు గొణుగుడు ఆపాడు. ఏడడుగులు, బండ. ఎర్రదాని బిడ్డ దొంగది. దొంగది కొత్తూరు సంతలో చెరుకు బండి మీదికి మెడ చాచి ఒక గడ నోట కరుచుకుని పరుగెత్తితే బండివాడు కొట్టడం మరిచి నవ్వాడు, మీ గొర్రె గాదురో కోతి, అన్నాడు. దొంగదాని బిడ్డ దొరసాని, అది తడి నేల మీద అడుగు పెట్టేది కాదు, వాగు దాటాలంటే భుజం మీద వేసుకోవాలి, భుజం మీద ఎక్కాక నాలుగు దిక్కులూ చూసేది. మట్టచెవులదాని కొడుకు మొండిపోతు, దాన్ని బీరప్ప దేవుడికి వదిలాం. ఏడడుగులు, గడప. అమ్మిన నాడు లారీ ఎక్కిస్తుంటే ఏ ఒక్కదాని పేరూ పిలవలేదు కుర్మయ్య. పిలిస్తే దిగి వచ్చేస్తాయి, తెలుసు. మోకాళ్లు అరిగిపోయాయి, మేత నేలలో అడుగడుగునా ప్లాట్ల హద్దు రాళ్లు లేచాయి, ఇంకేం చేస్తాడు, పేర్లన్నీ అన్నంలో రాయిలా లోపలే పెట్టుకున్నాడు. ఇప్పుడు ఒక్కొక్కటీ బయటికొస్తుంటే ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు. రాలేదు. సంతోషం వచ్చింది. ఇదేం చోద్యం, రోడ్డు పక్కన చెట్టు కింద నల్లది ఈనిన రాత్రి గుర్తొస్తే పొట్టంతా నవ్వు, లారీ డ్రైవరు ఒకడు బండి ఆపి లైట్లు ఇటు తిప్పి పట్టాడు, ఆ వెలుగులో పిల్ల పడింది, డ్రైవరు తన తువ్వాలతో తుడిచి, మా ఇంట్ల గుడ ఈ నెలే కాన్పు భాయ్ అని చెప్పి పోయాడు, వాడి పిల్ల ఇప్పుడు ఏ బడిలో ఏ పరీక్ష రాస్తోందో. నల్లది, నల్లదాని బిడ్డ లారీది, లారీదాని బిడ్డ చిన్నలారీది, మూడూ కలిపితే మొత్తానికి సమానం.

చంద్రమ్మ కొత్తగా వచ్చిన ఏడు పెద్ద వాన, గుట్ట మీద ఇద్దరూ చిక్కుకున్నారు, కవల గొర్రెపిల్లలను రెండింటినీ చీర కుచ్చిళ్లలో పెట్టుకుని గుట్ట దిగింది, అప్పటిదాకా తనతో మాట్లాడని మనిషి కిందికి వచ్చాక, మీ గొర్లు నా చీర ఖరాబు చేసినయి, అని మొదటి మాట మాట్లాడింది. వాటి పేర్లే పెద్దచీరది, చిన్నచీరది. గుట్ట ఇప్పటికీ కళ్లముందే ఉంది, గుట్ట కింద మంద తెల్లగా నల్లగా పారుతుంది, సాయంత్రం అయింది, దూరంగా ఉన్నవాటిని పిలవాలి, పేరుపేరునా పిలవాలి, పెద్దచీరదీ, చిన్నచీరదీ, తుమ్మకాయలదీ, కుంటి బొల్లీ, ఎవరైనా వెనకబడ్డారా, ఎర్రమూతిదీ, అదిగో వస్తోంది, వెనకబడేది, దాని పేరే వెనకబడేది. ఏడడుగులు బండ, ఏడడుగులు గడప, మోకాలు నొప్పి ఉందో లేదో గుర్తులేదు. పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు కూడా, ఒక గొర్రె వంశం అయిపోగానే ఒక పేజీ. మెడకు వెచ్చగా ఏదో ఆనింది. పటేలు. ఒంటికాలి మీద, రెక్కలు వదులుగా, గరగరమని ముక్కు నూరుకుంటూ. కన్ను సగం మూత పడింది, ఆ పల్చటి రెప్ప పైకి పాకి ఆగింది. కుర్మయ్య ఆపలేదు. ఆపితే లేస్తాడని కాదు, ఆపబుద్ధి కాలేదు. గోడ మీద యేసమ్మ తల ఒకసారి లేచింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఊగిపోతూ దిగిపోయింది. ఎందుకు ఊగుతుందో ఆయనకు పట్టలేదు, ఇంకా ఎర్రమూతిదాని బిడ్డలు ఆరు మిగిలి ఉన్నాయి.

బెల్లు కొట్టారు. పన్నెండు.

ఆ బెల్లుకు ఆగాడు కుర్మయ్య, ఆగాకే తన గొంతు తనకు వినబడింది, అంటే అది ఆగిన జాగా వినబడింది. వాకిలంతా ఒక్కసారి ఖాళీ అయింది. అప్పుడు తెలిసింది, తను చదవలేదు, కేకలు వేశాడు. గుట్ట మీది నుంచి గుట్ట కిందికి పిలిచే గొంతు తనది, మైలు దూరం పోయే గొంతు, అది పది అడుగుల్లో ఉన్న కిటికీలోంచి పోదా. చిలుక నోరు మూయించడానికి కూర్చున్నవాడు తనే నోరు తెరిచాడు. నడి పరీక్షలో, అంతమంది పిల్లల ముందు, సార్ల ముందు, దొంగదీ లారీదీ చీరదీ అని అరిచాడు. పదేళ్లుగా వెనక సందులో నడిచి దాచుకున్న గొర్లోణ్ని తన నోటితో తనే హాల్లోకి తోలాడు. కవిత తల దించుకుని ఉంటుంది. చెవులు మూసుకుని ఉంటుంది. ఏ లెక్క దగ్గర ఆగిపోయిందో, ఇంక ఆ ప్యాకింగు తప్పదేమో, అదంతా తన వల్లే. లోపలికి పోయి మంచం మీద కూలబడ్డాడు, కూలబడేటప్పుడు కూడా భుజం కదలకుండా మెల్లగా కూలబడ్డాడు, పటేలు నిద్రపోతున్నాడు.

పిల్లలు వీధిలో గోలగోలగా పోతున్నారు. కవిత లోపలికి వచ్చింది, అట్ట గూట్లో పెట్టింది, తాత భుజం వైపు చూసి చేతులు రెండూ బుగ్గలకు ఆనించుకుంది. గుసగుసగా అడిగింది.

"పండుకుండా?"

"పండుకుండు," అన్నాడు కుర్మయ్య ఆమె ముఖం వైపు చూడకుండా. "బిడ్డా, లెక్కలు..."

"అన్నీ చేసిన తాతా. ఒక్కటి గుడ విడిసిపెట్టలే. రెండు అడిషనల్ పేపర్లు తీసుకున్న."

"నా లొల్లి ఇనవడలేదా నీకు?"

"ఇనవడక? హాలంత ఇనవడ్డది." పిల్ల బకెట్లో చెయ్యి ముంచి ముఖం కడుక్కుంటోంది, నీళ్ల లోంచి మాట్లాడుతోంది. "నువ్వు సదువుతున్నవంటే పటేలు మంచిగున్నట్టే అనుకున్న. ఇగ నాకు ఫికర్ లేకుంట రాసిన. మధ్యల సార్ కిటికీ కాడికొచ్చిండు, ఎవరు గాయన అని అడిగిండు. అందరు నవ్విండ్రు."

కుర్మయ్య ఒళ్లోని పుస్తకం మూశాడు. "ఎవ్వలు చెప్పిండ్రు మరి?"

"నేనే లేశి నిలవడి చెప్పిన."

"ఏమని?"

"మా తాత సార్, సదువుకుంటుండు అని."

ఆయనను ఈ అరవై ఏళ్లలో లోకం ఎన్నో అంది, గొర్లోడంది, వేలిముద్రోడంది, ఈ మధ్య ముసలోడంటోంది. ఈ ఒక్క మాట మాత్రం ఎవరూ అనలేదు. పిల్ల చున్నీతో ముఖం తుడుచుకుంటూ, ఆకలైతుంది తాతా, ఏముంది, అని గిన్నెల మూతలు ఎత్తి చూస్తోంది, తనేం చెప్పిందో ఆమెకు పట్టనే లేదు. కుర్మయ్యకు ఛాతీలో ఎక్కడో వాగు పొంగినట్టు ఉంది, ఏం చెయ్యాలో తెలియక ఒళ్లోని పుస్తకం తిప్పాడు, మూడు మూలల బొమ్మ ఉన్న పేజీ కోసం వెతికాడు, దొరికింది, మొన పైకి ఉండేటట్టు పెట్టుకున్నాడు.

"నువ్వు బువ్వ తిను బిడ్డా," అన్నాడు. "ఎర్రమూతిదాని పిల్లలు ఇంక ఆరున్నయి. నేను సదువుత."